ముందు పెట్టె, తర్వాత బల్లి: సింగ్‌నగర్ ఇంటి ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి, మొదటి వారం

ఇంట్లో ఇప్పటికే ఒక తాబేలు ఉంది. రెడ్ ఇయర్డ్ స్లైడర్, ఆడది, పేరు బుజ్జమ్మ. తెచ్చినప్పుడు అగ్గిపెట్టెలో పట్టేది. ఇప్పుడు అన్నం పళ్లెమంత వీపు వేసుకుని నాలుగడుగుల తొట్టిలో తిరుగుతోంది. ఈ జాతిలో ఆడవి 25 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి, 20 ఏళ్లు దాటి బతుకుతాయి. అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు. అందుకే చాలామంది పెరిగాక తీసుకెళ్లి కృష్ణలోనో కాలవలోనో వదిలేస్తుంటారు. ఇది అమెరికా తాబేలు, మన నీళ్లలో పడితే మన తాబేళ్ల తిండీ చోటూ లాక్కుంటుంది. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో దీని పేరు ఉంది.

బల్లో పామో, రెండో ప్రాణి ఒకటి కావాలని ఎప్పటి నుంచో మనసులో ఉంది. ఈసారి ముందు ఇంటి సంగతులు కాగితం మీద పెట్టి, వాటికి ఏది నప్పుతుందో వెతుకుతున్నాను.

మాది విజయవాడ సింగ్‌నగర్‌లో మొదటి అంతస్తు. పైన ఇంకో వాటా ఉంది కాబట్టి స్లాబుకి ఎండ నేరుగా తగలదు. అమ్మా నాన్నా ఉండే కింది వాటా ఇంకా చల్లగా ఉంటుంది కానీ, 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ఊరి మీద పడినప్పుడు అక్కడ ఛాతీ లోతు నీళ్లు నిలిచాయి. ఆ పూట నుంచి కింద బరువైనదేదీ పెట్టడం మానేశాం. రోజుల తరబడి కరెంటు లేదు. బుజ్జమ్మ ఫిల్టరు లేకుండానే ఒక టబ్బులో అడుగు తడిసేంత నీళ్లతో నెట్టుకొచ్చింది. వేడికీ వెలుతురుకీ మిషన్ల మీదే ఆధారపడే ప్రాణి ఆ వారం మా ఇంట్లో ఉంటే దక్కేది కాదు. కాబట్టి వచ్చేది ఏదైనా రెండు రోజులు కరెంటు లేకపోయినా తట్టుకోవాలి, అవసరమైతే ఒక డబ్బాలో పెట్టుకుని మెట్లు దిగి పడవెక్కేలా ఉండాలి.

ఇక నా టైము. ఆటోనగర్‌లో ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. సంక్రాంతికి అత్తగారి ఊళ్లో నాలుగైదు రోజులు. పగలు మేలుకుని రోజూ ఆకులు తరిగి పెట్టమనే ప్రాణితో నాకు కుదరదు.

ఫిబ్రవరి, చివరి వారం

ఇంట్లో పంచాయితీ అయింది.

అమ్మ మాట: "గోడల మీద తిరిగేవి చాలవంట్రా? అవి మీద పడితేనే పంచాంగం తీసి చూసుకుంటున్నాం, నువ్వు డబ్బు పోసి కొనుక్కొస్తావా?"

మా ఆవిడ మాట ఇంకా సూటిగా ఉంది: "ఏం తెచ్చినా తెచ్చుకోండి. దాని తిండి మాత్రం నా ఫ్రిజ్‌లోకి రాకూడదు."

పాపకి బియర్డెడ్ డ్రాగన్ కావాలట. ఫోన్లో బొమ్మ చూసి అమ్మ, "ఇది తొండే కదే" అని లేచి వెళ్లిపోయింది.

మార్చి, మొదటి వారం

జంతువుల కంటే ముందు చట్టం చదివాను. మన దేశపు తాబేళ్లు, ఉడుములు, ఊసరవెల్లులు, కొండచిలువలు ఏవీ ఇంట్లో పెంచడానికి లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అదృష్టం కలిసొస్తుందని చాలా ఇళ్లలో దాచుకునే నక్షత్ర తాబేలు ఇప్పుడు ఆ చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ ఒకటిలో ఉంది. దొరికితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. "సార్, స్టార్ కావాలంటే ఉంది" అని చెవిలో చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో తగులుతారు. అలాంటివాళ్ల దగ్గర నేను చేపల మేత కూడా కొనను.

విదేశీ జాతుల్లో అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ జాబితాలో ఉన్నవి మన చట్టంలో షెడ్యూల్ నాలుగు కిందికొస్తాయి. వాటిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి, రూల్స్ 2024 ఫిబ్రవరిలో వచ్చాయి. బాల్ పైథాన్, ఇగ్వానా, సుల్కాటా తాబేలు ఈ లెక్కలో ఉన్నాయి.

అందరూ మొదట చెప్పే లెపర్డ్ గెకో అనే బల్లిని ఇక్కడే పక్కన పెట్టాను. మచ్చికైనది, మొండిది, పెంచడం తేలిక, అన్నీ నిజమే. కానీ దాని దగ్గర చుట్టం ఒకటి మన తూర్పు కనుమల్లోనే ఉంది, యూబ్లెఫారిస్ హార్డ్‌విక్కీ అంటారు. ఇది పెంపుడుదా, అడవిలో పట్టి తెచ్చిందా అని రేపు ఎవరైనా అడిగితే విడమరిచి చెప్పి ఒప్పించే ఓపిక నాకు లేదు.

మార్చి, మూడో వారం

కొట్టివేతల వారం.

సుల్కాటా పిల్ల అరచేతిలో ముద్దుగా ఉంటుంది. పెద్దదైతే 40 కిలోలు దాటుతుంది. అపార్టుమెంట్లకి దీన్ని అమ్మేవాళ్లని ఏమనాలో తెలియదు. ఇగ్వానా అంతే. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటారు, ఇక్కడ తొండ ముదిరి ఐదడుగులు అవుతుంది, దానికి ఒక గది రాసివ్వాలి.

క్రెస్టెడ్ గెకో నాకు భలే నచ్చింది. న్యూ కలెడోనియా దీవుల్లో పుట్టింది, అంతరించిపోయిందనుకుంటే 1994లో మళ్లీ కనిపించింది. కానీ 28 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలు. బెజవాడలో ఫిబ్రవరి మధ్యాహ్నానికే అంతకంటే ఎక్కువ ఉంటుంది. దాని కోసం ఏడాదిలో తొమ్మిది నెలలు ఏసీ వేసి, మేం పక్క గదిలో చెమటలు తుడుచుకోవాలి.

బియర్డెడ్ డ్రాగన్ మీద పాపతో చాలాసేపు వాదన నడిచింది. అది ఆస్ట్రేలియా ఎడారి జీవి. ఎండ కాచుకునే చోట 40 డిగ్రీలు, అతినీలలోహిత ట్యూబు, గాల్లో తేమ 40 శాతం లోపు కావాలి. 100 వాట్ల బల్బు పన్నెండు గంటలు, ట్యూబు అదనం, కలిపి రోజుకి ఒకటిన్నర యూనిట్ల కరెంటు దాకా. బిల్లు సంగతి అలా ఉంచితే, మే నెలలో ఆ బల్బు వేడంతా గదిలోకే కదా వచ్చేది. ఆగస్టు రాత్రుల్లో మన ఊళ్లో తేమ 80 దాటుతుంది, దాన్ని తగ్గించాలంటే ఇంకో మిషన్. పైగా అది మేలుకునే వేళకి పాప బడిలో, నేను ఆఫీసులో. నేను ఇంటికొచ్చేసరికి అది నిద్రలో.

మిగిలింది పాము. నిజం చెప్పాలంటే నా పద్ధతికి అన్నిటికంటే నప్పేది బాల్ పైథానే. పశ్చిమ ఆఫ్రికాది, నాలుగడుగులకి అటూ ఇటూ పెరుగుతుంది. పెట్టెలో వెచ్చటి వైపు 31, 32 డిగ్రీలు, తేమ 60 శాతం చాలు. మన గాలి దానికి అచ్చంగా సరిపోతుంది. పెద్దదయ్యాక పది, పదిహేను రోజులకో ఎలుక. సంక్రాంతికి ఊరెళ్లినా బెంగ లేదు. చిక్కంతా ఆ ఎలుకతోనే. బతికున్నదాన్ని వేస్తే అది తిరగబడి పామునే కొరుకుతుంది, కాబట్టి చంపి గడ్డకట్టించినవి నిల్వ పెట్టాలి. అంటే ఫ్రిజ్. విడిగా చిన్న ఫ్రిజ్ కొందామా అనుకున్నా, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కరిగి మళ్లీ గడ్డకట్టే మాంసం ఏ ప్రాణికీ మంచిది కాదు. అమ్మ అభ్యంతరం వేరు. భయం కాదు ఆవిడది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, మొక్కు తీర్చుకోవడానికి మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్లొచ్చే మనిషి. "దేవుణ్ణి తెచ్చి పెట్టెలో పెడతావా?" అంది. పాములు పాలు తాగవని ఆవిడతో వాదించి ఎప్పుడూ గెలవలేదు, ఇప్పుడూ ప్రయత్నించలేదు.

మార్చి, చివరి వారం

పేరు దొరికింది: ఆఫ్రికన్ ఫ్యాట్ టెయిల్డ్ గెకో. ఇదీ పశ్చిమ ఆఫ్రికాదే. జానెడు పొడవు, 60 గ్రాములకి కాస్త అటూ ఇటూ బరువు, కొవ్వు దాచుకునే లావు తోక. లెపర్డ్ గెకోకి ఎండు గాలి ఇష్టం, దీనికి తేమ ఇష్టం. వెచ్చటి వైపు 31 నుంచి 33, చల్లటి వైపు 25 నుంచి 27, గాల్లో తేమ 50 నుంచి 70 శాతం. పగలంతా గూట్లో పడుకుని చీకటి పడ్డాక లేస్తుంది. పెద్దదయ్యాక రెండు మూడు రోజులకోసారి పురుగులు పెడితే చాలు. బాగా పెంచితే పదిహేనేళ్ల పైనే ఉంటుంది.

అమ్మకి చెప్పాల్సిన ముక్క ఒకటి ఇందులో దొరికింది. మన గోడ బల్లికి కాలివేళ్ల కింద అంటుకునే మెత్తలుంటాయి, కంటికి రెప్పలుండవు. దీనికి రెప్పలుంటాయి, మెత్తలుండవు. గోడ ఎక్కలేదు. ఎక్కలేదు కాబట్టి మీద పడదు. పంచాంగంతో పని లేదు.

"అయితే సరే" అంది అమ్మ.

జాతి ఖాయమైంది కానీ కొనడం ఇప్పుడే కాదు. ఈ జీవికి 35 దాటిన వేడిలో గంటలకొద్దీ ఉండటం ప్రమాదం. మా తూర్పు గదిలో మే నెల ఎలా ఉంటుందో ఖాళీ పెట్టె పెట్టి చూస్తాను. పెట్టె పాసైతేనే బల్లి.

ఏప్రిల్

ఆటోనగర్‌లో అల్యూమినియం సెక్షన్ పని చేసే కుర్రాడి చేత పెట్టె చేయించాను. మూడడుగుల పొడవు, అడుగున్నర లోతు, అడుగున్నర ఎత్తు. ముందు జరిపే అద్దాలు, వెనకా అడుగునా పీవీసీ ఫోమ్ షీటు, రెండు పక్కలా సన్నటి స్టీలు జాలీ. "కోడిపిల్లలకా సార్?" అన్నాడు. బల్లికి అనగానే కాసేపు నా మొహం చూసి, జాలీ రంధ్రాలు ఇంకా సన్నవి వేశాడు. మంచి పనివాడు.

అడుగున కొబ్బరి పొట్టు, మట్టి కలిపి మూడంగుళాలు పరిచాను. పొట్టుకి మనకి కొదవేముంది, నర్సరీలో ఇటుకల్లా దొరుకుతుంది. రెండు రోజులు కడిగి ఉప్పు వదిలించాను. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాను, పాల అలమరకి పెట్టినట్టే. మన ఊరి చీమలు పురుగుల డబ్బాని ఒక్క రాత్రిలో ఖాళీ చేస్తాయి, నిద్రపోతున్న బల్లిని కూడా వదలవు.

ఒక మూల అడుగున 16 వాట్ల హీట్ మ్యాటు, థర్మోస్టాటు 32 దగ్గర. ఈ నెలలో అది వెలిగిన పాపాన పోలేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో తప్ప మనకి దీని అవసరం ఉండేట్టు లేదు. విదేశాల వాళ్లు రాసిన పద్ధతులన్నీ పెట్టెని ఎలా వేడి చేయాలో చెబుతాయి. మన సమస్య దానికి సరిగ్గా తిరగబడి ఉంది.

మే, మొదటి పదిహేను రోజులు

ఈ డైరీ అసలు మొదలయ్యేది ఇక్కడే.

వైరుతో ఉన్న రెండు డిజిటల్ థర్మామీటర్లు, ఒకటి వెచ్చటి మూల, ఒకటి చల్లటి మూల. మూడోది గది గోడకి. వేడి మధ్యాహ్నం రెండింటికి ఎక్కువుంటుందనుకుంటాం. గదిలో అలా లేదు. బయట 43 ఉన్న రోజు రెండు గంటలకి గదిలో 34, సాయంత్రం ఐదున్నరకి 36.5. గోడలు పొద్దుటి నుంచి తాగిన వేడిని అప్పుడు కక్కుతాయి. అంటే నేను ఆఫీసులో ఉన్నప్పుడే పెట్టెకి అసలు పరీక్ష.

కూలర్ పెట్టి చూశాను. మేలో మన వడగాడ్పు పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పని చేస్తుంది, గది 31కి దిగింది, తేమ 65కి ఎక్కింది. బియర్డెడ్ డ్రాగన్‌కి పనికిరాని ఆ తేమే దీనికి కావాల్సింది. కిటికీ అంగుళంన్నర తెరిచి ఉంచకపోతే మాత్రం గంటకే ఉక్కపోత.

కరెంటు లేకపోతే? దానికోసం పైపుల రోడ్డు దగ్గర మట్టి సామాన్లు పెట్టుకునే ఆవిడ దగ్గర మూకుళ్లు కొన్నాను. మెరుగు పెట్టని, గరుకు మట్టివే కావాలన్నాను. మెరుగు పెడితే నీరు పీల్చదు. ఒక మూకుడుని రాత్రంతా బకెట్లో నానబెట్టాను, బుడగలు వచ్చి వచ్చి ఆగాయి. తడి మీదే హ్యాక్‌సా బ్లేడుతో అంచులో రెండు గీతలు, మూడు వేళ్ల ఎడంతో. నెమ్మదిగా లాగాలి, ఎండు మూకుడు అయితే చిట్లుతుంది. రెండు గీతల మధ్య ముక్కని పట్టకారుతో గిల్లితే ఊడొచ్చింది, వాకిలి తయారు. అంచుల్ని గరుకు రాయి మీద రుద్ది నున్నగా చేశాను, పొట్ట చర్మం గీసుకోకుండా. దాన్ని బోర్లించి, లోపల తడి పొట్టు పరిచి, థర్మామీటరు వైరు వాకిట్లోంచి లోపలికి పెట్టాను.

ఒక ఆదివారం మూడింటికి ఆ గది ఫ్యూజు నేనే పీకేశాను. కూలర్ లేదు, ఫ్యాన్ లేదు. ఐదున్నరకి గది 36, పెట్టె చల్లటి మూల 35.2. మూకుడు కింద 30.4.

ఎర్ర మట్టి చుట్టూ తడి మచ్చ పైనుంచి ఆరుతూ కిందికి జరుగుతోంది, చెయ్యి పెడితే కుండ నీళ్ల చల్లదనం. తడి పైనుంచి సగానికి ఆరే దాకా లోపల 31 దాటలేదు. అంటే పొద్దున ఆఫీసుకి వెళ్లే ముందు ఒకసారి, అమ్మ మధ్యాహ్నం నిద్ర లేచాక ఒకసారి, మూకుడు నెత్తిన గ్లాసుడు నీళ్లు పోస్తే చాలు. అమ్మ ఒప్పుకుంది. తులసి కోటకి పోసినట్టే కదా అంది.

గడ్డకట్టిన నీళ్ల సీసాని గుడ్డలో చుట్టి పెట్టె నెత్తిన పెట్టే పద్ధతి కూడా చూశాను. రెండు డిగ్రీలు దిగింది, గంట దాటగానే మామూలే. అత్యవసరానికి పరవాలేదు, దాని మీద ఆధారపడను.

జూన్, జులై

వానలు మొదలయ్యాక మూకుడి మాయ తగ్గింది. గాల్లో తేమ ఎక్కువైతే తడి ఆరదు, ఆరకపోతే చల్లబడదు. కానీ అప్పటికి గది కూడా 32 దాటడం లేదు. ఇప్పుడు చూసుకోవాల్సింది బూజు. పొట్టు పైపొర ఆరేలా వాన రోజుల్లో నీళ్లు సగానికి తగ్గించాను, జాలీల పక్కన చిన్న యూఎస్‌బీ ఫ్యాన్ పగలు రెండు గంటలు. పెట్టె పాసైనట్టే.

తిండి ఏర్పాట్లు ఈ రెండు నెలల్లో చేశాను. మీల్‌వార్మ్ పురుగులు గోధుమ పొట్టులో, క్యారెట్ ముక్క తేమతో వాటంతటవే పెరుగుతాయి. వాసన లేదు, చప్పుడు లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. అవి ఒక్కటే పెడితే చాలదు కాబట్టి కీచురాళ్లు కూడా. వాటి గోల మాత్రం భరించాలి, బాల్కనీకి తోసేశాను. పెట్టే ముందు రోజు పురుగులకి మునగాకు, క్యారెట్ మేపాలి, పురుగు కడుపులో ఉన్నదే బల్లికి బలం. పైన కాల్షియం పొడి, వారానికోసారి విటమిన్ డీ3 కలిసినది. ఇంట్లో దొరికే బొద్దింకలు వేయొచ్చు కదా అని నాన్న సలహా. మందు కొట్టిన ఇంట్లో బొద్దింక అంటే విషం ముద్ద, వద్దన్నాను.

డాక్టరు విషయం కూడా తేల్చుకున్నాను. గన్నవరంలో పశువైద్య కాలేజీ ఉండబట్టి మన వైపు డాక్టర్లకి కొదవ లేదు కానీ, బల్లుల్ని చూసేవాళ్లు తక్కువ. బుజ్జమ్మకి చూపించిన డాక్టరుగారు రెట్ట పరీక్ష చేసి పేగుల్లో పురుగులున్నాయో లేదో చెబుతానన్నారు. నాకు అదే ముఖ్యం.

ఆగస్టు

అమ్మేవాళ్లతో ఫోన్లు. ఒకతను రంగు ఎంత బాగుందో పావుగంట చెప్పాడు, ఎప్పుడు పుట్టిందంటే మాట మార్చాడు. అడవిలో పట్టి తెచ్చిన వాటికి ఒత్తిడీ పేగుల్లో పురుగులూ ఎక్కువ, పుట్టిన తేదీ చెప్పలేని చోట కొనను. ఇంకొకరు, బెంగళూరు వైపు ఇంట్లోనే పొదిగించేవారు, అడగకముందే బరువులు రాసిన నోటుబుక్కు ఫోటో పంపారు. ఏ తేదీన ఏం తిన్నది, కుబుసం ఎప్పుడు విడిచింది, అన్నీ ఉన్నాయి. రసీదు ఇస్తామన్నారు. ఇక వేరేవాళ్లకి ఫోన్ చేయలేదు.

తెచ్చేది నవంబరులో. ఈ ఎండల్లో, ఉక్కలో అంత దూరం డబ్బాలో తిప్పడం నాకిష్టం లేదు. పార్సిల్ వద్దు, కారులో నేనే వెళ్తాను, రాత్రి ప్రయాణం. వచ్చాక రెండు, మూడు నెలలు బుజ్జమ్మకి దూరంగా వేరే గదిలో ఉండాలి. ఆ రెంటినీ ఒకే తొట్టిలో పెట్టొచ్చా అని అడిగినవాళ్లు ఉన్నారు. నీళ్లలో బతికేది ఒకటి, నీళ్లలో మునిగితే చచ్చేది ఒకటి, ఎలా పెడతాం? పట్టకార్లు, గిన్నెలు, స్పాంజీ అన్నీ వేర్వేరు రంగుల్లో కొన్నాను, తాబేలువి ఆకుపచ్చ, బల్లివి పసుపు. రెంటి ఒంటి మీదా సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు. పిల్లలు చిన్న తాబేళ్లని నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారనే అమెరికాలో 1975లో నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకం ఆపేశారు. మా పాపకి ఒకటే రూలు: ముట్టుకుంటే సబ్బు, సబ్బు తర్వాతే అన్నం. వంటింటి సింకులో ఏదీ కడగకూడదు, అది మా ఆవిడ రూలు.

అడ్వాన్సు పంపాక ఆడదా, మగదా అని అడిగారు. మగదన్నాను. ఆడవి మగతోడు లేకపోయినా గుడ్లు పెడతాయి, ఒంట్లో కాల్షియం అంతా వాటికే పోతుంది, గుడ్డు అడ్డుపడితే ప్రాణం మీదికొస్తుంది. గన్నవరం పరిగెత్తే పని నాకెందుకు? వాళ్ల దగ్గర మగవి రెండున్నాయి, ఒకటి చారలది, ఒకటి మామూలు పట్టీలది. చారలది ఖరీదు ఎక్కువ. పట్టీలదాని తోక లావుగా ఉంది, వరసగా ఆరు నెలల బరువులు ఎక్కడా తగ్గలేదు. దాన్నే ఉంచమని చెప్పి, నవంబరు దాకా నెలనెలా బరువు పంపమన్నాను.